ఏడో తొన

మా పాపకి తొమ్మిదో నెలలో జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. రెండు నిమిషాలు కూడా లేవని మా ఆయన అంటారు. గడియారం చూసింది ఆయన, పాపని పట్టుకున్నది నేను. అందుకని ఆ రెండు నిమిషాల విషయంలో మా ఇద్దరికీ ఎప్పటికీ రాజీ కుదరదు. డాక్టరమ్మ ఓపికగానే చెప్పింది. జ్వరం ఒక్కసారిగా పెరిగితే మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు, ఐదేళ్ళు నిండేదాకా కనిపెట్టుకుని ఉండాలి, ఒళ్ళు వెచ్చబడగానే మందు వెయ్యాలి అంది. కనిపెట్టుకుని అంటే ఎంత దగ్గర్లో ఉండాలండీ అని అడిగాను. ఆవిడ నవ్వేసి, తర్వాతి వాళ్ళని పిలిచింది.

నేను పనిచేసేది గ్లోబులు తయారుచేసే చోట. బళ్ళలో మేష్టర్ల బల్ల మీద ఉంటాయి చూడండి, అవి. అట్టగుండు మీద అచ్చువేసిన కాగితం అతికించాలి. చదునుగా ఉన్న కాగితం గుండ్రటి దాని మీద ముడతలు లేకుండా కూర్చోదు కాబట్టి ప్రపంచాన్ని పన్నెండు ముక్కలుగా కోస్తారు. మధ్యలో వెడల్పుగా, రెండు కొసల్లో సూదిగా, అచ్చం కమలాపండు తొనల్లాగే ఉంటాయి. మేం వాటిని తొనలనే అంటాం. తొనకి బంక రాస్తే నానుతుంది, నానితే సాగుతుంది. ఎంత సాగుతుందో వేళ్ళకి తెలియాలి. తొమ్మిదో తరగతి సగంలో మానేసినదాన్ని, ఆరేళ్ళు ఆ హాల్లో నిలబడి నేర్చుకున్న చదువు అదొక్కటే.

హాల్లోకి పిల్లల్ని రానివ్వరు. కత్తులుంటాయి, వార్నిష్ వాసన ఉంటుంది, న్యాయమే. ఆఫీసులో కూర్చునేవాళ్ళకి మాత్రం పక్కనే పిల్లల గది ఉంది, మధ్యలో అద్దం తలుపు. ఆ గది ఆఫీసు వాళ్ళ పిల్లలకే. పాప పుట్టాక నేను మళ్ళీ పనికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు ఉన్న దారి ఒక్కటే, రెండు బస్సులు మారి వెళ్ళే మా తోటికోడలి ఇల్లు. ఆవిడ మనసు మంచిదే. ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఫిట్స్ గురించి చెబితే, "మా పెద్దాడికీ వచ్చాయే, వాటంతటవే పోయాయి, నువ్వు ఊరికే బెంగపడి పిల్లకి బెంగ అంటిస్తున్నావు" అంది. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు నిద్ర లేదు.

సరిగ్గా అప్పుడే మా ఓనరమ్మగారు హాలుకి వచ్చి, గ్లోబుని అచ్చువెయ్యకముందే కంప్యూటర్‌లో తిప్పి చూపించే పని పెడుతున్నామని చెప్పారు. కొనేవాళ్ళు రంగులు అక్కడే చూసుకుంటారట. ఆ పని నేర్పడానికి ఒక పెద్దాయన వస్తారు, తొనల సంగతి చేతులతో తెలిసిన మనిషి కావాలని ఆయనే అడిగారు, మూడు నెలలు ఆఫీసులోనే కూర్చుని నేర్చుకోవాలి, అన్నాళ్ళూ పాపని పిల్లల గదిలో ఉంచుకోవచ్చు, కొనేవాళ్ళ ముందు చూపించగలిగితే ఆఫీసులో ఖాయం అన్నారు. ఆవిడ ఇంకా మాట్లాడుతుండగానే నేను చెయ్యెత్తేశాను. హాల్లో అందరికంటే సీనియరైన మా బంకక్క నా వంక ఎగాదిగా చూసింది.

"ఏమే, ఫోన్‌లో అలారం పెట్టుకోవడం రాక పొద్దున్నే నాతో ఫోన్ చేయించుకుంటావు. నువ్వు కంప్యూటరా?"

నాకు కంప్యూటర్ మీద మోజు లేదక్కా, ఆ అద్దం తలుపు కావాలి అన్నాను. ఆవిడ నా చేతికి అంటిన బంక తన కొంగుతో తుడిచి పంపింది.

నేర్పడానికి వచ్చిన పెద్దాయన బీమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఏ వయసు వాళ్ళు ఎంతమంది ఎన్నేళ్ళు బతుకుతారో పట్టికలు కట్టే ఉద్యోగమట. ఆ పట్టికల కోసం అప్పట్లో నేర్చుకున్న భాషలోనే ఇప్పటికీ అన్నీ చేస్తారు. అందులో మాటలుండవు, గుర్తులుంటాయి. మామూలు భాషల్లో ఒక్కో అంకెనీ పట్టుకుని పని చెయ్యమని చెప్పాలట, ఇందులో పట్టిక మొత్తానికి ఒకేసారి చెప్పొచ్చట. వేరేవాళ్ళు పేజీ నిండా రాసేది ఆయన ఒక్క వరుసలో రాస్తారు. రెండో వరుసలోకి వెళ్ళడం ఆయనకి చిన్నతనం. వారం తిరక్కుండానే హాలు వాళ్ళు ఆయనకి ఒక్కలైను మాస్టారని పేరు పెట్టారు. ఆయనకి తెలిసింది కూడా. సంతోషించారు.

మొదటి రోజు ఆయన చెప్పింది నాకు బాగా అర్థమైంది. గుండు మీద చుక్కలు ఊహించుకో తల్లీ అన్నారు. ఒక్కో చుక్కకీ మూడు అంకెలు. ఎంత పక్కకి, ఎంత పైకి, ఎంత మనవైపుకి. అలాంటి చుక్కలు పదహారు వేల చిల్లర. ప్రతి చుక్కా చదును బొమ్మ దగ్గరికి వెళ్ళి, నేను ఫలానా చోట ఉన్నాను, నా రంగేమిటి అని అడగాలి. బొమ్మ చెప్పిన రంగు తెచ్చుకుని వేసుకోవాలి. దాన్నే టెక్స్‌చర్ మ్యాపింగ్ అంటారు అన్నారు. ఓస్, కాగితం తొడగడమే కదండీ అన్నాను. ఆయన బల్ల మీద చరిచి, ఇందుకే హాలు మనిషిని అడిగాను అన్నారు.

రెండో రోజు నుంచి అర్థం కావడం మానేసింది. ఆ భాషని కుడి నుంచి ఎడమకి చదవాలి. ఒక గుర్తుకి ఎడమ పక్కన ఏమీ లేకపోతే ఒక పని, ఏదైనా ఉంటే ఇంకో పని. పట్టికలు రెండూ ఒకే కొలతలో లేకపోతే లెంగ్త్ ఎర్రర్ అంటుంది. బొమ్మలో లేని గడి అడిగితే ఇండెక్స్ ఎర్రర్ అంటుంది. ఎక్కడ తప్పో, ఎందుకు తప్పో చెప్పదు. నేను అద్దం వంక చూస్తాను. అవతల పాప ఒక చెక్కబొమ్మని నోట్లో పెట్టుకుని ఉంటుంది. మొహం ఎర్రగా ఉందా, ఆ గోడ రంగు పడుతోందా? లేచి వెళ్ళి నుదురు ముట్టుకుని వస్తాను. వచ్చేసరికి మాస్టారు నా వరుస చెరిపేసి, తనదొకటి పెట్టి ఉంటారు. నేను ముప్ఫై గుర్తులతో కుస్తీ పట్టిన చోట ఆయనవి ఆరుంటాయి. "ఇదిగో, దీన్ని ఇక్కడ పెట్టి, దీనితో తిప్పితే అయిపోయింది" అని తెర మీద వేలితో చూపిస్తారు. ఆ గుర్తుల పేర్లు ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంట్లో రాసుకోవడానికి నేనే పేర్లు పెట్టుకున్నాను. తోకసున్నా, గీతగుండు, కుర్చీ, బోర్లించిన గిన్నె.

నెలన్నరకి మొదటి గ్లోబు వచ్చింది. మాస్టారు ఆనందంతో లేచి నిలబడ్డారు. నేను చూడగానే తూర్పు పడమరకి పోయి, పడమర తూర్పుకి వచ్చిందని చెప్పాను. తీరాలన్నీ అద్దంలో చూసినట్టున్నాయి. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ముక్కు తెరకి ఆనేలా వంగి చూసి ఒప్పుకున్నారు. కంట్లో పొర పెరుగుతోందని, ఆపరేషన్ వాయిదా వేసుకుంటూ వచ్చానని అప్పుడే చెప్పారు.

ఆయన వరుసలు నా బుర్రకి ఎక్కవని తేలిపోయాక నేనొక పని చేశాను. నాకు తెలిసిన పద్ధతిలో చేసుకున్నాను. ప్రపంచం మొత్తం ఒకేసారి కాకుండా తొన తర్వాత తొన. ఒక్కో తొనకి ఐదు వరుసలు, పన్నెండు తొనలకి అరవై. మొదటిసారి దేశాలన్నీ అంచుల్లో జంటగా కనబడ్డాయి. ఎందుకా అని ఒక పూటంతా తల పట్టుకుని కూర్చున్నాక గుర్తొచ్చింది. హాల్లో ఒక తొన పక్క తొన మీదకి ఎక్కి అతుక్కోవడానికి కుడి అంచున రెండు మిల్లీమీటర్ల చెవి వదులుతాం. అలవాటు కొద్దీ నేను కంప్యూటర్‌లో కూడా చెవి వదిలాను. పన్నెండు చెవులూ కోసేశాను. గ్లోబు కుదిరింది. మాస్టారు రాసినదైతే రెప్పపాటులో వచ్చేది, నాదైతే నాలుగు నిమిషాలు. ఒక్కో తొనా వచ్చి అతుక్కుంటుంటే కూర్చుని చూడొచ్చు. ఏది ఎక్కడుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు.

"బస్సు ఉండగా నడిచి వెళ్తున్నావు తల్లీ" అన్నారు మాస్టారు.

చేరతాను కదండీ అన్నాను.

ఆయన నవ్వలేదు. పాపం, ఆయనకి నిజంగానే బాధ. తను నేర్పిన భాషలో అరవై వరుసలు చూడడం, చక్కగా ఉతికిన బట్టని ఉండచుట్టి పడేసినట్టు ఉందేమో.

కొనేవాళ్ళు శుక్రవారం వస్తారు. ఆయన ఆపరేషన్ కూడా శుక్రవారం పొద్దున్నే పడింది. గురువారం సాయంత్రం ఆరింటికి పాపని తీసుకుని ఇంటికి బయల్దేరుతుంటే, నువ్వు వెళ్ళు తల్లీ, నేను కాసేపు కూర్చుని అన్నీ సరిచూసి వెళ్తాను అన్నారు. ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

శుక్రవారం పొద్దున కంప్యూటర్ తెరిచి, నడవమని కొట్టి, నాలుగు నిమిషాలు ఉంది కదా అని పాప నుదురు చూడడానికి లేవబోయాను. పూర్తిగా లేవకముందే గ్లోబు వచ్చేసింది. నున్నగా, నిండుగా, ఎక్కడా వంక లేదు. సంతోషించాలో ఏడవాలో తెలియక లోపల చూశాను. నా అరవై వరుసలు లేవు. ఒకే ఒక్క వరుస ఉంది. పక్కన ఒక కాగితం, వంకర అక్షరాలు. "తల్లీ, వచ్చినవాళ్ళ ముందు నాలుగు నిమిషాలు కూర్చోబెడితే నీకు మాట వస్తుంది. అందుకే కుదించాను. ధైర్యంగా చూపించు."

ఆ భాషలో ఒక్కో ప్రోగ్రామూ విడివిడిగా దాచుకోం. తెరిచి ఉన్నదంతా కలిపి ఒకే పేరుతో దాస్తాం. రకరకాల పేర్లు పెడితే గందరగోళమని ఆయనే నేర్పారు. ఆయన నాది తీసేసి, తనది పెట్టి, నా పేరుతోనే దాచారు. నాది పోయింది. ఇంట్లో నోటుబుక్కులో నాలుగు తొనల దాకా రాసుకున్నవి ఉన్నాయి, అవీ చెవులు కొయ్యకముందువి.

పది గంటలకి వాళ్ళు వచ్చారు. బళ్ళకి సామాను అమ్మే కంపెనీ, ఒకాయన, ఒకావిడ. ఓనరమ్మగారు నన్ను పరిచయం చేస్తూ, మా హాలు నుంచే వచ్చింది, మూడు నెలల్లో నేర్చుకుంది అన్నారు. గ్లోబు రెప్పపాటులో వచ్చింది. వాళ్ళు బాగుందన్నారు. రంగు మార్చమన్నారు, మార్చాను, బొమ్మ ఫైలు మారిస్తే చాలు. తిప్పమన్నారు, తిప్పాను. నా వెన్నులో చెమట ఆరడం మొదలైంది.

అప్పుడు ఆ కంపెనీ ఆవిడ తెర మీద వేలు పెట్టింది. ఇక్కడంతా సముద్రమే కదా, ఖాళీగా ఉంది, మా కంపెనీ గుర్తు ఇక్కడ పెట్టి చూపిస్తారా అని గుర్తు ఉన్న చిన్న కార్డు ఇచ్చింది. అది ఏడో తొన. నా ప్రోగ్రామ్‌లో ముప్ఫై ఒకటో వరుస. అక్కడ బొమ్మ పేరు ఒక్కటి మారిస్తే సరిపోయేది. ఈ వరుసలో ఏడో తొన అనేదే లేదు. తొనలే లేవు. కుడి నుంచి చదివాను. గీతగుండు, తోకసున్నా, కుర్చీ, మళ్ళీ గీతగుండు, దాని నెత్తిన రెండు చుక్కలు. రెండు చుక్కలు నేనెప్పుడూ చూడలేదు. తోచింది ఏదో మార్చాను. లెంగ్త్ ఎర్రర్. మార్చింది తీసేశాను. మళ్ళీ లెంగ్త్ ఎర్రర్. ఏం తీశానో, ఏం మిగిల్చానో తెలియలేదు. గ్లోబు పోయి తెర తెల్లగా ఉంది.

ఒక్క నిమిషం అని చెప్పి బయటికొచ్చి మాస్టారికి ఫోన్ చేశాను. వాళ్ళావిడ ఎత్తింది. ఇప్పుడే ఆపరేషన్ గదిలోంచి తెచ్చారు, కంటికి కట్టు ఉంది అంది. వెనకనుంచి ఆయన గొంతు, ఇవ్వు ఇవ్వు అని.

"చదువు తల్లీ. కుడి నుంచి ఏముంది?"

"గీతగుండు అండీ. తర్వాత తోకసున్నా."

"గీతగుండేమిటి?"

"గుండ్రంగా ఉండి మధ్యలో గీత ఉంటుంది చూడండి."

"గీత నిలువా, అడ్డమా, వాలా? మూడూ ఉన్నాయమ్మా. మూడూ మూడు పనులు."

నిలువు గీతేనని చెప్పాను. అయితే అది ఫలానా అని ఒక ఇంగ్లీషు పేరు చెప్పారు, దాని ముందు ఫలానాది పెట్టమని ఇంకో పేరు చెప్పారు. ఆ రెండో పేరు నేను జన్మలో వినలేదు. మూడు నెలలు పక్కపక్కన కూర్చున్నాం. ఇది, అది అంటూ వేలితో చూపించుకోవడమే కానీ, ఆయన పేర్లు నాకు తెలియవు, నా పేర్లు ఆయనకి తెలియవు. ఎలా ఉంటుందండీ అది అన్నాను. ఆయన గాలిలో గీసి చూపిస్తున్నారేమో, అటు నర్సు చెయ్యి కదపొద్దని మందలించడం వినబడింది. అద్దం అవతల పాప నన్ను చూసి చేతులు చాచింది. వెళ్ళలేదు.

"నా వరుస ముందు పని చేసిందా తల్లీ? అది చెప్పు" అన్నారాయన.

"చేసిందండీ. చాలా బాగా చేసింది" అన్నాను.

హమ్మయ్య అన్నారు. వాళ్ళావిడ ఫోన్ తీసేసుకుంది.

లోపలికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. కాళ్ళు వచ్చిన వైపుకి వెళ్ళాను. హాల్లోకి. ముందురోజు ఆరిన గ్లోబు ఒకటి తీసుకున్నాను. కార్డు మీద గుర్తుని ఫొటో కాపీ తీసి, సన్నకత్తితో కోసి, వెనక కాగితం పొర ఒలిచి పల్చన చేసి బంక రాశాను. బంకక్క గుండు కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. ఏడో తొన మధ్యలో, సముద్రంలో, గుర్తుని ఆనించి బొటనవేలితో మధ్య నుంచి అంచులకి తోశాను. కాగితం నానింది, సాగింది, కూర్చుంది. అంచు ఎక్కడో నాక్కూడా కనబడలేదు. మొత్తం పన్నెండు నిమిషాలు.

దాన్ని తీసుకెళ్ళి వాళ్ళ ముందు బల్ల మీద పెట్టి, యంత్రం కాస్త మొండికేసిందండీ, ఇలా ఉంటుంది అన్నాను. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుంది. గోటితో అంచు వెతికింది, దొరకలేదు. ఇది అచ్చువేసింది కాదా అని అడిగింది. ఆయన కూడా తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రతి గ్లోబు మీదా గుర్తు ఇలా చేత్తోనే అతికించి ఇస్తారా, మా దగ్గర ఏటా కొనే బళ్ళన్నీ తీసుకుంటాయి అన్నారు. ఓనరమ్మగారి మొహం వెలిగిపోయింది. నాది కూడా వెలిగే ఉంటుంది, నాకింకా బుర్ర పనిచెయ్యలేదు.

వాళ్ళు వెళ్ళాక ఓనరమ్మగారు నన్ను కూర్చోమన్నారు. ఆవిడ నన్ను ఎప్పుడూ కూర్చోమనలేదు.

"నీ చేతిని నేను ఇన్నాళ్ళూ ఇక్కడ వృథా చేశాను. సోమవారం నుంచి హాల్లో గుర్తుల బల్ల నీది. ఇంకో ఇద్దరికి నువ్వే నేర్పాలి."

మరి కంప్యూటరో అన్నాను. మాస్టారు కోలుకున్నాక ఎవరైనా చదువుకున్న అమ్మాయిని పెడతాలే, అది నీకు కష్టంగా ఉన్నట్టుంది కదా అన్నారు. కష్టం కాదండీ, నాది ఉండేది, నాలుగు నిమిషాలు పట్టేది కానీ ఉండేది, మాస్టారు చెరిపేశారు అని చెబుదామనుకున్నాను. కంటికి కట్టుతో హమ్మయ్య అన్న మనిషి మీద చాడీ చెప్పినట్టవుతుందని ఆగాను. చెప్పినా, నాలుగు నిమిషాల దాన్ని ఎవరు పెట్టుకుంటారు? అందుకని పాప సంగతి చెప్పాను. ఫిట్స్ సంగతి, డాక్టరమ్మ మాట, తోటికోడలి మాట, అంతా. ఆవిడ శ్రద్ధగానే విన్నారు. పిల్లల గది ఆఫీసు వాళ్ళకని రూలు, నీకొక్కదానికి ఇస్తే హాల్లో పిల్లలున్న పదకొండు మందికీ ఇవ్వాలి, గదిలో పట్టేది ఆరుగురే, నువ్వే చెప్పు అన్నారు. పదకొండు మందీ నాకు తెలిసినవాళ్ళే.

పిల్లల గది ఆయమ్మ సంచీ సర్ది ఇచ్చింది. తువ్వాలు, చెంచా, థర్మామీటర్, నేను పేరు రాసి అంటించిన మందు సీసా. పాప ఆవిడని వదిలి రానని మెడ పట్టుకుంది.

మా ఆయన రాత్రి భోజనాల దగ్గర విని, మంచిదే కదా, నీ పనితనం గుర్తించారు అన్నారు. తర్వాత నా మొహం చూసి, నేను నడిపే వ్యాను రూటు వదిన ఇంటి వైపు మార్చమని మా ఆఫీసులో అడుగుతాను, మధ్యాహ్నం ఒకసారి చూసి వస్తాను అన్నారు. అడిగారు. మార్చలేదు.

సోమవారం ఐదున్నరకే లేచి రెండు బస్సులు ఎక్కాను. మా తోటికోడలు తలుపు తీస్తూనే పాపని అందుకుంది. థర్మామీటర్ ఎలా చూడాలో, మందు ఏ గీత దాకా పొయ్యాలో చూపించాను. సరేనే, సరేనే అంటూ పాపకి కాకిని చూపిస్తోంది. సీసా తీసుకెళ్ళి చేతికందేలా పెట్టమంటే, ఆవిడ చిన్నకొడుకు తీస్తాడని బీరువా పై అరలో పెట్టింది. కుర్చీ వేసుకుంటే గానీ అందదు. ఏమైనా అంటే పిల్లని చూసుకునే మనిషిని కూడా పోగొట్టుకుంటాను. సరేనక్కా అన్నాను.

హాల్లో ఫోన్లు తలుపు పక్క పెట్టెలో వేసి తాళం పెడతారు, బంక చేతులతో తాకకుండా. పన్నెండున్నరకి తీస్తారు. పొద్దున్నుంచి నలభై గుర్తులు అతికించాను, ఇద్దరు అమ్మాయిలకి చూపిస్తూ. మధ్య నుంచి అంచులకి తొయ్యండి, వేలు ఆపకండి అని చెప్పాను. నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఒక్క గుర్తు కూడా పాడవలేదు. బంకక్క చూసి, ఏమే, నీ చేతులకి నీ బెంగ అంటదా అంది.

పన్నెండున్నరకి పెట్టె తీశారు. ఫోన్‌లో ఏమీ లేదు. ఒక్క కాల్ కూడా లేదు. పాప బాగుందని అర్థమో, ఆవిడ కుర్చీ కోసం వెతుకుతోందని అర్థమో. నంబరు నొక్కాను. మోగుతోంది. ఎత్తలేదు. బట్టలు ఆరేస్తూ ఉండొచ్చు. మళ్ళీ నొక్కాను. మోగుతోంది. ఒంటిగంటకి మళ్ళీ పెట్టె మూసేస్తారు.